ఇన్‌స్టాల్ పద్ధతిని బట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తీరు: హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో నమోదు, ఆచరణ

ఒకే ప్రోగ్రాం వేర్వేరు దారుల్లో కంప్యూటర్‌లోకి చేరుతుంది. కంపెనీ సైటు నుంచి దించుకున్న ఇన్‌స్టాలర్, స్టోర్, లినక్స్ రిపాజిటరీ, జిప్ ఫైలు, కంటైనర్ ఇమేజ్, ఇలా ఏ దారిన వచ్చిందన్న దాన్ని బట్టి దాని తర్వాతి వెర్షన్ ఎప్పుడు వస్తుంది, ఎవరి అనుమతితో వస్తుంది, ఏ ఫైళ్లను మారుస్తుంది, రీస్టార్ట్ అడుగుతుందా, వెనక్కి మళ్లించడం కుదురుతుందా అన్నవి మారిపోతాయి. ఈ తేడాలను పరీక్షించి రాతలో పెట్టడం సాఫ్ట్‌వేర్ పరిశ్రమలో ఒక ప్రత్యేకమైన పని. టెస్టర్లు, రిలీజ్ ఇంజినీర్లు, టెక్నికల్ రైటర్లు, సిస్టమ్ అడ్మిన్లు కలిసి దాన్ని చేస్తారు. మాదాపూర్ హైటెక్ సిటీ నుంచి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వరకు సాగే హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అప్‌డేట్‌ను తయారుచేసే బృందాలూ, దూరదేశాల్లోని యంత్రాలకు దాన్ని ఎక్కించే బృందాలూ పక్కపక్కనే ఉన్నాయి.

నేపథ్యం

సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ హైదరాబాద్‌లో మొదలైంది కూడా 1998లోనే. 2000 సంవత్సరపు తేదీ సమస్య, అంటే వైటూకే, ఆ రోజుల్లో నగరానికి పెద్ద ఉపాధి. అమెరికా కంపెనీల పాత కోబాల్ ప్రోగ్రాములను వరుసబెట్టి సరిదిద్దడం, సరిదిద్దిన ప్రతి మార్పుకూ లెక్క రాయడం ఆ పనిలో భాగం. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకు గిరాకీ పెరిగింది అందుకే.

అప్పటికి అప్‌డేట్ అంటే చాలా చోట్ల ఫ్లాపీలోనో సీడీలోనో వచ్చే సర్వీస్ ప్యాక్. విండోస్ 98తో విండోస్ అప్‌డేట్ సేవ వచ్చింది. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ నెలకొకసారి, రెండో మంగళవారం నాడు భద్రతా ప్యాచ్‌లు విడుదల చేసే పద్ధతి పెట్టుకుంది. 2005లో వచ్చిన విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్ కంపెనీల చేతికి పగ్గాలిచ్చింది. బయటి నుంచి ఒక్కసారి దించుకుంటే చాలు, అడ్మిన్ ఆమోదించిన ప్యాచ్‌లే లోపలి యంత్రాలకు వెళతాయి. ఈ సేవను ఇకపై కొత్తగా అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. అప్పటికే చాలా కంపెనీలు ఇన్‌ట్యూన్ వంటి క్లౌడ్ సేవలవైపు కదులుతున్నాయి.

విండోస్ ఇన్‌స్టాలర్లు

విండోస్‌లో ఎక్కువ గందరగోళం పుట్టేది రెండు రకాల ఇన్‌స్టాల్‌ల దగ్గర. ఒకటి యంత్రం మొత్తానికి చేసేది, దానికి అడ్మిన్ హక్కులు కావాలి. రెండోది లాగిన్ అయిన ఒక్కరి ఖాతాకే పరిమితమైనది, దానికి అక్కర్లేదు. ఎంఎస్ఐ ప్యాకేజీల విషయంలో కొత్త వెర్షన్ తనకు ముందున్న పాత ప్రతిని వెతుక్కునేది ఒకే రకం ఇన్‌స్టాల్‌లోనే. ఒక్కరి ఖాతాలో పాతది ఉండగా యంత్రం మొత్తానికి కొత్తది వేస్తే పాతది తొలగదు, రెండూ ఉండిపోతాయి. డెస్క్‌టాప్ మీది ఐకాన్ పాతదాన్నే తెరుస్తూ ఉంటే, అప్‌డేట్ అయింది కదా అని అడ్మిన్, కాలేదని ఉద్యోగి వాదులాడుకోవడం సపోర్ట్ విభాగాలకు బాగా తెలిసిన రకం టికెట్టు.

ఎంఎస్ఐకి ఇంకో సూక్ష్మం ఉంది. వెర్షన్ సంఖ్యలో మొదటి మూడు భాగాలనే అది పోల్చి చూస్తుంది, నాలుగో భాగాన్ని పట్టించుకోదు. 5.2.1.7 నుంచి 5.2.1.8కి వెళ్లడం దాని దృష్టిలో అప్‌గ్రేడ్ కాదు. పని ముగిశాక అది ఇచ్చే సంకేత సంఖ్యలు కూడా రాసి ఉంచుకోవలసినవే. 0 అంటే విజయం. 3010 అన్నా విజయమే, కానీ రీస్టార్ట్ చేస్తేగాని మార్పు పూర్తికాదు. 3010ని వైఫల్యంగా లెక్కగట్టే స్క్రిప్టు బాగున్న యంత్రాలను చెడ్డవాటి జాబితాలో వేస్తుంది.

మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లు స్టోర్ ద్వారానే వాటంతట అవి కొత్తవవుతాయి. 2021లో 1.0 వెర్షన్‌కు చేరిన విన్‌గెట్ మాత్రం అడిగితేనే పనిచేస్తుంది. అప్‌గ్రేడ్ ఆదేశం ఇచ్చినప్పుడు జాబితా చూసి, ఆయా కంపెనీల ఇన్‌స్టాలర్లనే తెచ్చి నడుపుతుంది. క్రోమ్ వంటి బ్రౌజర్లు వీటితో నిమిత్తం లేకుండా సొంత అప్‌డేట్ సేవను వెంట తెచ్చుకుంటాయి.

లినక్స్, మ్యాక్

డెబియన్, ఉబుంటులలో ఆప్ట్ ఆదేశాల పేర్లే కొత్తవారిని తికమక పెడతాయి. ఆప్ట్ అప్‌డేట్ కేవలం జాబితాను తాజా చేస్తుంది, ప్యాకేజీలను మార్చేది ఆప్ట్ అప్‌గ్రేడ్. ఇప్పటి ఉబుంటులో భద్రతా ప్యాచ్‌లు ఎవరూ అడగకుండానే రోజువారీ టైమర్ మీద ఎక్కుతాయి. అడ్మిన్ చేత్తో మార్చిన సెట్టింగుల ఫైలు ఎదురైతే, పాతది ఉంచాలా కొత్తది వేయాలా అని డెబియన్ అడుగుతుంది. రెడ్ హ్యాట్ కుటుంబంలో అడగడం ఉండదు. ప్యాకేజీ తయారీదారు ఆ ఫైలును కాపాడమని గుర్తించి ఉంటే పాతదాన్ని అలాగే ఉంచి, కొత్తదాన్ని ఆర్‌పీఎంన్యూ అనే తోకతో పక్కన పెడుతుంది. ఆ పక్క ఫైలును ఎవరూ తెరవకపోతే కొత్త వెర్షన్ పాత సెట్టింగులతోనే నడుస్తుంది.

స్నాప్ ప్యాకేజీలు మామూలుగా రోజుకు నాలుగుసార్లు కొత్తది ఉందేమో చూసుకుంటాయి. నిరవధికంగా ఆపే వీలు చాలాకాలం ఉండేది కాదు, 2022 చివర్లో వచ్చింది. పాత ప్రతిని దాచి ఉంచుతాయి కాబట్టి వెనక్కి మళ్లించడం తేలిక. ఫైర్‌ఫాక్స్ ఈ తేడాలన్నిటికీ మంచి ఉదాహరణ. ఉబుంటు 22.04లో అది స్నాప్‌గా వస్తుంది. మొజిల్లా సొంత రిపాజిటరీ నుంచి తెచ్చుకుంటే ఆప్ట్‌తో నడుస్తుంది. మొజిల్లా సైటులోని కట్టను విప్పుకుంటే తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. మూడింటి తెర ఒక్కటే, మూడింటి యజమానులు వేరు.

మ్యాక్‌లో హోంబ్రూ కూడా ఇలాంటి సర్దుబాటే చేసుకుంది. తనంతట తాను అప్‌డేట్ అయ్యే యాప్‌ను అది మామూలు అప్‌గ్రేడ్‌లో వదిలేస్తుంది, ప్రత్యేకంగా అడిగితేనే ముట్టుకుంటుంది. అందుకే హోంబ్రూ చూపే వెర్షన్, యాప్ లోపల కనిపించే వెర్షన్ వేరుగా ఉండవచ్చు.

లైబ్రరీలు, కంటైనర్లు, మొబైల్

పైథాన్ పిప్‌తో తెచ్చిన లైబ్రరీ ఎవరైనా ఆదేశిస్తేనే మారుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చిన పైథాన్‌లోకి పిప్‌తో వేస్తే రెండు ప్యాకేజీ మేనేజర్లు ఒకే ఫోల్డరులో ఒకదాని ఫైళ్లను మరొకటి తొక్కేస్తాయి. 2023లో విడుదలైన డెబియన్ 12 ఇలాంటి ప్రయత్నాన్ని మొదట్లోనే ఆపేస్తుంది. ఎన్‌పీఎంలో వెర్షన్ ముందు టోపీ గుర్తు ఉంటే ఆ శ్రేణిలోని కొత్తది రావచ్చు, లాక్ ఫైలు ఉంటే అందులో రాసినదే వస్తుంది.

కంటైనర్‌కు అప్‌డేట్ అనేదే లేదు. కొత్త ఇమేజ్ తెచ్చి, పాత కంటైనర్‌ను తీసేసి, కొత్తది లేపాలి. లేటెస్ట్ అనే ట్యాగ్ కేవలం ఒక పేరు, అది తాజా వెర్షన్ అని హామీ ఇవ్వదు. కుబెర్నెటిస్‌లో ట్యాగ్ లేటెస్ట్ అయితే ప్రతిసారీ రిజిస్ట్రీలో సరిచూస్తుంది, వేరే ట్యాగ్ అయితే యంత్రంలో ఉన్నదానితోనే సరిపెట్టుకుంటుంది. అదే ట్యాగ్ కింద కొత్త ఇమేజ్ పెడితే కొన్ని సర్వర్లలో పాతది, కొన్నింట్లో కొత్తది నడుస్తుంది.

ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి వచ్చిన యాప్ సాధారణంగా వైఫై ఉన్నప్పుడు, ఫోన్ ఛార్జింగ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు కొత్తదవుతుంది. తయారీదారు కొత్త వెర్షన్‌ను కొద్ది శాతం మందితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోగలడు. అందువల్ల పక్కపక్క డెస్కుల మీది రెండు ఫోన్లలో వారంపాటు వేర్వేరు వెర్షన్లు ఉండడం మామూలే. ఎఫ్-డ్రాయిడ్ చాలా యాప్‌లను తన సొంత డిజిటల్ సంతకంతో ఇస్తుంది. ప్లే స్టోర్ ప్రతి మీద దాన్ని ఎక్కించబోతే సంతకాలు కలవక ఫోన్ ఒప్పుకోదు. పాతది తీసేసి వేస్తే లోపలి డేటా పోతుంది.

దగ్గరి నుంచి ఒక ఉదాహరణ: విజువల్ స్టూడియో కోడ్

కారిడార్‌లో ప్రోగ్రామర్ల లాప్‌టాప్‌లలో విరివిగా కనిపించే ఈ ఎడిటర్‌కు విండోస్‌లోనే మూడు రూపాలున్నాయి. యూజర్ సెటప్ ఉద్యోగి సొంత యాప్‌డేటా ఫోల్డరులో కూర్చుంటుంది. అడ్మిన్ హక్కులు అడగకుండా వెనకాల అప్‌డేట్ అవుతుంది. సిస్టమ్ సెటప్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళుతుంది, అప్‌డేట్‌కు హక్కులు కావాలి. జిప్ రూపం విప్పిన చోటే ఉంటుంది, ప్రతిసారీ కొత్త జిప్ దించుకుని చేత్తో మార్చాలి. లినక్స్‌లో డెబ్ ప్యాకేజీ మైక్రోసాఫ్ట్ రిపాజిటరీని ఆప్ట్ జాబితాలో చేర్చి ఆ తర్వాతి పని ఆప్ట్‌కు అప్పగించగలదు. అదే ఎడిటర్ స్నాప్‌గా వస్తే స్నాప్ సేవే చూసుకుంటుంది.

కంపెనీ విధానంతో ఎడిటర్ అప్‌డేట్‌ను ఆపవచ్చు. కానీ ఎక్స్‌టెన్షన్ల అప్‌డేట్ దానికి వేరే సెట్టింగ్. ఎడిటర్ వెర్షన్‌ను బిగించినా ఎక్స్‌టెన్షన్లు మారుతూనే ఉంటాయి. నిన్న పనిచేసిన బిల్డ్ ఇవాళ ఎందుకు ఆగిందో వెతికేవారు ఎడిటర్ వెర్షన్ ఒక్కటే చూస్తే జవాబు దొరకదు. ఒక ప్రోగ్రాంకు ఒకటికి మించి అప్‌డేట్ దారులు ఉండగలవని, వాటిని విడివిడిగా రాసుకోవాలని ఈ చిన్న ఉదాహరణ చెబుతుంది.

హైదరాబాద్ గడియారం

మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం ఉదయం 10 గంటలకు వెలువడతాయి. హైదరాబాద్‌లో అది మంగళవారం రాత్రి 10:30, అక్కడ చలికాలపు గడియారం నడిచేటప్పుడు 11:30. ఇక్కడి పగటి షిఫ్టు బృందాలకు ప్యాచ్ మంగళవారం అనేది ఆచరణలో బుధవారం ఉదయం. అలాగే అమెరికా తూర్పు తీరపు క్లయింటు శనివారం రాత్రి 10 గంటలకు మెయింటెనెన్స్ విండో ఇస్తే, ఇక్కడి రిలీజ్ ఇంజినీరుకు అది ఆదివారం ఉదయం 7:30 లేదా 8:30. చేంజ్ రిక్వెస్ట్‌లో సమయం ఎవరి కాలమానంలో రాశారన్నది చిన్న విషయం కాదు. యూటీసీలో రాసి, పక్కన స్థానిక సమయం చేర్చడం మేలైన పద్ధతి. మన దేశపు కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు గడియారాలన్నిటినీ సరిపోల్చి ఉంచాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, భద్రతా ఘటనను 6 గంటల్లో తెలియజేయాలని చెబుతున్నాయి.

నమోదు పద్ధతి

మంచి నమోదు పరీక్షతో మొదలవుతుంది, రిలీజ్ నోట్స్ చదవడంతో కాదు. శుభ్రమైన వర్చువల్ మెషీన్‌లో పాత వెర్షన్ వేసి, కొన్ని సెట్టింగులు మార్చి, స్నాప్‌షాట్ తీసుకుంటారు. అప్‌డేట్ నడిపి ముందు వెనకల ఫైళ్లు, రిజిస్ట్రీ, సేవలు, షెడ్యూల్ పనులు పోల్చి చూస్తారు. ప్రోగ్రాం తెరిచి ఉన్నప్పుడు, మూసి ఉన్నప్పుడు, నెట్ మధ్యలో తెగినప్పుడు, కంపెనీ ప్రాక్సీ వెనక ఉన్నప్పుడు మళ్లీ చేస్తారు. 4 ఇన్‌స్టాల్ పద్ధతులు, 3 ఆపరేటింగ్ సిస్టమ్‌లు, 2 పాత వెర్షన్లు తీసుకుంటేనే 24 పరీక్షలు అవుతాయి. ఒక పద్ధతి నుంచి మరో పద్ధతికి మారడం కలిపితే ఇంకా పెరుగుతాయి. అందుకే ఎక్కువమంది వాడే దారులను పూర్తిగా, మిగతావాటిని పైపైన చూడడం ఆనవాయితీ.

ప్రతి పద్ధతికీ రాయవలసినవి ఇవి: కొత్త వెర్షన్ ఉందని ఎవరు కనుక్కుంటారు, ఎంత తరచుగా, ఏ హక్కులతో ఎక్కుతుంది, ఏ ఫోల్డరులో కూర్చుంటుంది, సెట్టింగులు మిగులుతాయా, నడుస్తున్న ప్రోగ్రాంను ఆపుతుందా, రీస్టార్ట్ కావాలా, వాయిదా వేయడం, ఆపడం ఎలా, పాత వెర్షన్‌కు మళ్లడం ఎలా, ఏ సర్వర్ చిరునామాలకు అనుమతి ఇవ్వాలి, లాగ్ ఎక్కడ దొరుకుతుంది. చివరిదాన్ని తరచూ మరచిపోతారు. ఆప్ట్ చరిత్ర వార్ లాగ్ కింద ఆప్ట్ ఫోల్డరులో ఉంటుంది. స్నాప్‌కు సొంతంగా మార్పుల జాబితా ఆదేశం ఉంది. విండోస్ 10 నుంచి అప్‌డేట్ లాగ్‌ను పవర్‌షెల్ ఆదేశంతో తయారుచేసుకోవాలి, నేరుగా చదవగల ఫైలుగా ఉండదు.

రెండు ఘటనలు

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడి మొదలైంది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల ముందే. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు తదితర జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని ఈ దాడికి చిక్కాయి. ప్యాచ్ ఉండడం వేరు, అది యంత్రానికి చేరే దారి తెరిచి ఉండడం వేరు అన్నది ఆ ఘటన తేల్చింది.

2024 జూలై 19 శుక్రవారం నాటి ఘటన దీనికి పూర్తిగా ఎదురు. భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్ తన ఫాల్కన్ సెన్సర్‌కు పంపిన 291వ నంబరు ఛానల్ ఫైలు యూటీసీ 4:09కి వెలువడింది, 5:27కి వెనక్కి తీసుకున్నారు. భారత కాలమానంలో అది ఉదయం 9:39 నుంచి 10:57, ఆఫీసుల్లో లాప్‌టాప్‌లు తెరిచే వేళ. ఆ 78 నిమిషాల్లో నెట్‌లో ఉండి ఫైలు అందుకున్న విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షలు, విండోస్ యంత్రాల మొత్తంలో ఒక శాతం కన్నా తక్కువ. శంషాబాద్ విమానాశ్రయంలో హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. ఆగిపోయిన యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఫైలును తొలగించాలి. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ కూడా కావాలి. దూరం నుంచి వేలకు వేలు యంత్రాలను చూసుకునే బృందాలకు ఇది ఒక్కో డెస్కు దగ్గరికి వెళ్లి చేయవలసిన పనిగా మారింది.

కంపెనీ ఆగస్టు 6న ఇచ్చిన మూలకారణ నివేదిక ప్రకారం, కొత్త నియమం 21 అంశాలను ఆశించగా సెన్సర్ కోడ్ 20 మాత్రమే అందించింది. లేని 21వ దాన్ని చదవబోయి యంత్రం కూలింది. అయితే అడ్మిన్లను ఎక్కువగా కలవరపెట్టింది వేరే సంగతి. సెన్సర్‌ను తాజా వెర్షన్ కన్నా ఒకటి లేదా రెండు మెట్లు వెనక ఉంచే సెట్టింగ్ క్లయింట్లకు ఉండేది. జాగ్రత్తపరులు దాన్ని వాడుకున్నారు కూడా. కానీ అది సెన్సర్ ప్రోగ్రాంకే వర్తించేది. గుర్తింపు సమాచారాన్ని మోసే ఛానల్ ఫైళ్లు వేరే దారిన, అందరికీ ఒకేసారి వెళ్లేవి. వెర్షన్ వెనక ఉంచిన యంత్రాలూ పడిపోయాయి. ఆ తర్వాత కంపెనీ ఈ ఫైళ్లను కూడా దశలవారీగా పంపుతామని, ఎప్పుడు తీసుకోవాలో క్లయింట్లు నిర్ణయించుకునే వీలు ఇస్తామని ప్రకటించింది.

వాదాలు, నియమాలు

ఆటోమేటిక్ అప్‌డేట్ మీద వృత్తిలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి. వాన్నాక్రైని చూపి వెంటనే ఎక్కించాలని ఒకరంటే, క్రౌడ్‌స్ట్రైక్ ఘటనను చూపి ఆగి చూడాలని మరొకరంటారు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనంలో 2024 మార్చిలో బయటపడ్డ దొంగదారి రెండో వాదానికి బలమిచ్చింది. కలుషితమైన 5.6.0, 5.6.1 వెర్షన్లు డెబియన్ పరీక్షా శాఖల దాకా వచ్చాయి గాని నిదానంగా కదిలే స్థిర శాఖను చేరలేదు. అందరికీ సరిపోయే ఒకే వేగం లేదని, ముందు కొద్ది యంత్రాలు, తర్వాత ఒక విభాగం, ఆపై అందరూ అనే రింగుల పద్ధతి నడిమి దారి అని ఎక్కువ సంస్థలు ఒప్పుకుంటున్నాయి. అయితే ఏ ప్రోగ్రాం ఏ దారిన వచ్చిందో తెలియకపోతే రింగులు కాగితం మీదే ఉంటాయి. స్నాప్‌గా వచ్చినదీ, ఉద్యోగి తన ఖాతాలో వేసుకున్నదీ ఆ వరుస కోసం ఆగవు.

ఈ లెక్క ఇప్పుడు నియమాల్లోకి వస్తోంది. సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్‌లోని భాగాల జాబితా, అంటే ఎస్‌బామ్, మీద మార్గదర్శకాలు ఇచ్చింది. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టం 2024 డిసెంబరు 10న అమల్లోకి వచ్చింది, దాని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు 11 నుంచి వర్తిస్తాయి. భద్రతా ప్యాచ్‌లను వీలైనచోట కొత్త సౌకర్యాల నుంచి విడిగా ఇవ్వాలని, తగిన చోట అవి వాటంతట అవే ఎక్కేలా ఉండాలని, వద్దనుకునేవారికి ఆపే సులభమైన వీలు కల్పించాలని అది కోరుతుంది. యూరప్‌లో అమ్మే ఉత్పత్తుల మీద పనిచేసే హైదరాబాద్ బృందాలకు దీనితో వెర్షన్ సంఖ్య ఒక్కటి రాసి ఊరుకునే వీలు పోతుంది. అప్‌డేట్ ఏ దారిన వెళుతుందో, ఆ దారిని ఎవరు ఆపగలరో రాసి చూపవలసి ఉంటుంది.